పువ్వు వాడితే కాయ తియ్యండి, ఆకు జోలికి పోకండి

మొన్న మా చుట్టాల గ్రూపులో ఒక సలహా తిరిగింది. "లిల్లీ పూలు అయిపోయాయా? ఆకులన్నీ నేలమట్టంగా కోసేసి, దుంపలు తవ్వి, నీడన ఆరబెట్టి దాచుకోండి. వచ్చే ఏడు బ్రహ్మాండంగా పూస్తాయి." కింద వరసగా దండాలు. అమలాపురంలో ఉండే వదినగారు ఒకరు అప్పుడే కోసేశానని ఫొటో కూడా పెట్టారు. అంగుళం ఎత్తున మోళ్ళు, పక్కన కుప్పగా నవనవలాడే పచ్చటి ఆకులు. అది చూశాక ఊరుకోలేక రాస్తున్నాను.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే. పూలు అయ్యాక లిల్లీకి తియ్యాల్సింది వాడిన పువ్వు, దాని అడుగున ఉబ్బుతున్న కాయ. అంతవరకే. ఆకు తనంతట తాను పండి వాలిపోయేదాకా దాన్ని ముట్టుకోకూడదు. గోదావరి డెల్టాలో ఈ మాట ఇంకాస్త గట్టిగా చెప్పాలి. ఇక్కడ ఆకు కొయ్యడానికి మనవాళ్ళ దగ్గర చాలా కారణాలున్నాయి, అందులో ఒకటి రెండు తేలిగ్గా తీసిపారేసేవి కావు.

మన పెరళ్ళలో లిల్లీ అనే పేరుతో అరడజను మొక్కలున్నాయి. ముందు నేను మాట్లాడేది మార్చి, ఏప్రిల్ నెలల్లో బోలు కాడ మీద పెద్ద పెద్ద ఎర్ర పూలు పూసేదాని గురించి. నర్సరీల్లో అమరిల్లిస్ అంటారు. శాస్త్రంలో దాని పేరు హిప్పియాస్ట్రమ్, సొంతూరు దక్షిణ అమెరికా. కడియం నుంచి వచ్చిన ఈ మొక్క లేని ఇల్లు మా వీధిలో లేదు. కొడవలి పాలయ్యేది కూడా ఎక్కువగా ఇదే.

నాలుగు ఆకులకి ఒక కాడ

ఈ దుంపని నిలువునా కోసి చూస్తే ఉల్లిపాయలాగే పొరలు పొరలుగా ఉంటుంది. ఆ పొరలు వేరే ఏవో కావు, ఆకుల మొదళ్ళే. పైన ఆకు ఎండలో వండుకున్న తిండి కిందికి దిగి, దాని మొదట్లోనే నిలవ పడుతుంది. ఆకు పండిపోయాక పైభాగం ఊడిపోతుంది, మొదలు మాత్రం పొరగా మిగులుతుంది. అంటే దుంప లావెక్కడం అంటే ఆకులు నిండుగా బతకడమే. పచ్చి ఆకుని మొదట్లో తెగ్గోస్తే ఆ పొర సగం ఖాళీగా మిగిలిపోతుంది.

ఇంకో లెక్క కూడా ఉంది. ఈ మొక్క లోపల సుమారుగా నాలుగు ఆకులు వేశాక ఒక పూకాడ మొగ్గ తయారవుతుంది. మళ్ళీ నాలుగు ఆకులు, మళ్ళీ ఒక మొగ్గ. ఆ మొగ్గ పుట్టిన వెంటనే బయటికి రాదు. దాదాపు ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం, దుంప కడుపులోనే పెరుగుతుంది. ఈ ఏప్రిల్‌లో మనం చూసిన పువ్వు కిందటేడు ఆకుల కష్టం.

"మేం ప్రతి ఏడూ కోస్తూనే ఉన్నాం, అవి పూస్తూనే ఉన్నాయి కదా" అనేవాళ్ళకి జవాబు ఇక్కడే దొరుకుతుంది. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. బాగా బలిసిన దుంపలో ఒకటో రెండో మొగ్గలు ముందే సిద్ధంగా ఉంటాయి. ఈ ఏడు ఆకు కోసినా వచ్చే ఏడు కాడ పైకి వస్తుంది. ఆ పై ఏడు కాడ పొట్టిగా వస్తుంది, నాలుగు పూలు రావాల్సిన చోట రెండే వస్తాయి. తరవాత ఆకులు తప్ప ఏమీ ఉండదు. అప్పటికి కోసిన సంగతి ఎవరికీ గుర్తుండదు. "విత్తనం పాతబడిపోయిందండీ" అంటారు, "ఎవరి కళ్ళు పడ్డాయో" అంటారు. నర్సరీకి వెళ్ళి కొత్త దుంప తెచ్చుకుంటారు. చేసిన పనికీ దాని ఫలితానికీ మధ్య ఇంత ఎడం ఉంటే తప్పు ఎక్కడ జరిగిందో మనిషికి ఎలా తెలుస్తుంది? వదినగారు పొరపాటు చేశారని నేను అనడం లేదు. అలా తెలియనివ్వని మొక్క అది.

పూలు మానేసిన దుబ్బులన్నిటికీ కోతే కారణం కాదని కూడా చెప్పాలి. పిలకలు ఒత్తుగా పెరిగి ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నా పూలు తగ్గుతాయి. మామిడి చెట్టు కింద నీడ ముదిరినా తగ్గుతాయి. కోసే అలవాటున్న ఇంట్లో మాత్రం ముందు ఆ అలవాటు మాని రెండేళ్ళు చూడమంటాను.

ఆ సలహా పుట్టిన చోటు

తవ్వి ఆరబెట్టమన్న మాట ఎవరో కల్పించింది కాదు. చలిదేశాల వాళ్ళు అలా చేస్తారు, వాళ్ళకి దానితో పని ఉంది. అక్కడ శీతాకాలంలో నేల గడ్డకడుతుంది, ఈ దుంప బయట ఉంటే చచ్చిపోతుంది. పైగా క్రిస్మస్ నాటికి ఇంట్లో కిటికీ పక్కన పూయాలని వాళ్ళ కోరిక. అందుకని వేసవి పొడుగునా ఆకుల్ని బాగా పెంచి, ఎండాకాలం చివర నీళ్ళు ఆపి, ఆకులు పండాక కోసి, ఎనిమిది పది వారాలు దుంపని పొడిగా ఉంచి, మళ్ళీ నీళ్ళు పోసి లేపుతారు. వేసవంతా ఆకుల్ని పెంచడం అనే ముక్క మాత్రం మన గ్రూపులోకి వచ్చేసరికి జారిపోయింది. వాళ్ళు ఆకు కోసేది పువ్వు అయిన ఎన్నో నెలలకి. మనవాళ్ళు కోసేది పువ్వు అయిన వారానికి.

మనకి ఆ తంతు అక్కర్లేదు. మన నేల గడ్డకట్టదు. నవంబరు వానలు వెళ్ళాక జనవరి, ఫిబ్రవరి నెలల్లో నేల తనంతట తానే ఆరుతుంది. ఆ పొడి సరిపోయి, ఎండ ముదిరే వేళకి మొక్క తనే కాడ వేస్తుంది. మా ఇంట్లో చాలా దుబ్బులకి ఏడాది పొడుగునా ఏదో ఒక ఆకు పచ్చగానే ఉంటుంది, అలా ఉంటూనే పూస్తాయి.

చలిదేశాల సలహా రాకముందు నుంచీ మనవాళ్ళు కోస్తున్నారు కదా అని మీరు అడగొచ్చు. నిజమే. దానికి నాకు తోచిన కారణం అరటి. రావులపాలెం, కొత్తపేట చుట్టూ పెరిగిన వాళ్ళ చేతికి ఒక అలవాటు ఉంది. గెల దిగిందంటే ఆ చెట్టు పని అయిపోయినట్టే, నరికి పిలకకి చోటివ్వాలి. ఆ చెయ్యే లిల్లీ దగ్గరకీ వచ్చింది. కానీ అరటిలో గెల వేసిన మాను ఇంకోసారి గెల వెయ్యదు, చచ్చిపోతుంది. హిప్పియాస్ట్రమ్ దుంప చావదు, పూసిన దుంపే మళ్ళీ పూస్తుంది. ఇంకో మాట. గెల కోశాక మానుని ఒక్కసారే మొదలంటా నరక్కుండా కొన్నాళ్ళు ఉంచితే అందులో ఉన్న నీరూ సారమూ పిలకకి అందుతాయని తోటల్లో తెలిసినవాళ్ళు చెబుతారు. ఆపాటి ఓపిక లిల్లీ ఆకుకి కూడా కావాలి.

బజార్లో లిల్లీ అని తూచి అమ్మే నేల సంపెంగ ఒక్కటే ఇందులో అరటి దారిన నడుస్తుంది. ఒకసారి కాడ వేసిన దుంప మళ్ళీ వెయ్యదు, పక్కన పుట్టిన పిలకలు వేస్తాయి. అయినా అక్కడ కూడా ఆకు పిలకల్ని పెంచుతుంది కాబట్టి, పూలు ఏరుకున్న ఎండు కాడలు తీసేసి ఆకుని ఉంచాలి.

కాయ తియ్యడం ఎంత అవసరం

ఈ విషయంలో నా మాట కాస్త మెత్తగానే ఉంటుంది. వాడిన పువ్వుని తీసెయ్యకపోతే దుంప నాశనమవుతుందని భయపెట్టేవాళ్ళున్నారు. అంత లేదు. గింజ కట్టకపోతే పువ్వు తనే ఎండి రాలిపోతుంది. ఆ మొక్కకి మీరు తీసినా తియ్యకపోయినా పెద్ద తేడా రాదు. గింజ కడితే మాత్రం తేడా ఉంది. పువ్వు వెనక మూడు పలకలుగా పచ్చటి కాయ ఉబ్బుతుంది, నెలకి పైగా దుంప సారాన్ని లాగుతుంది, చివరికి పగిలి కాగితం లాంటి నల్లటి గింజలు ఎగిరిపోతాయి. ఆ గింజలు నాటితే పూతకి రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. గింజలు కావాలనుకునేవాళ్ళు ఒక కాయ ఉంచుకోండి, మిగతావి పిందెగా ఉన్నప్పుడే తుంచెయ్యండి.

తుంచమనే అంటున్నాను, కొయ్యమని కాదు. ఈ జాతిలో ఆకుల మీద పసుపుపచ్చ చారలు తెచ్చే మొజాయిక్ తెగులు ఉంది. అది వైరస్. ఒక మొక్క పసరు అంటిన కత్తితో ఇంకో మొక్కని కోస్తే దానికీ అంటుకుంటుంది, మందు లేదు. కడియపులంకలో ఒక నర్సరీలో పనిచేసే పెద్దావిడ పిందెని వేళ్ళతో మెలితిప్పి తీస్తుంటే ఎందుకమ్మా కత్తెర పెట్టవు అని అడిగాను. "కత్తి పసరు మోస్తదండి, చెయ్యయితే కడుక్కుంటాం కదా" అంది. కత్తెర వాడక తప్పకపోతే మొక్కకీ మొక్కకీ మధ్య బ్లేడుని స్పిరిట్‌తో తుడవాలి.

కాడ సంగతి వేరు. పువ్వు తీశాక మిగిలిన పచ్చటి కాడ కూడా ఎండని తిండిగా మార్చేదే. పసుపుపచ్చగా అయ్యేదాకా దాన్ని అలాగే ఉంచొచ్చు, అప్పుడు చేత్తో లాగితే వచ్చేస్తుంది. ఒక్క జాగ్రత్త ఉంది. అది బోలుగా ఉంటుంది కాబట్టి వానల్లో కోస్తే ఆ గొట్టంలో నీరు నిలబడి, కుళ్ళు దుంప మెడదాకా దిగుతుంది. మార్చిలో ఆ బెడద లేదు. జూన్, జులైల్లో రెండోసారి పూసిన మొక్క అయితే, అప్పుడు పువ్వు, పిందె మాత్రమే తీసి కాడ పై కొస వంగేలా వదిలెయ్యడం మేలు.

తొలకరికి పూసే రెయిన్ లిల్లీకి ఈ నియమం నేను వర్తింపజెయ్యను. గులాబిరంగు, పసుపు, తెలుపు చిన్న చిన్న పూలు, వాన పడిన రెండు మూడు రోజులకి ఒక్కసారిగా లేస్తాయి. వాటి నల్లటి గింజలు తాజాగా పడితే వారాల్లో మొలుస్తాయి, ఇటికల సందుల్లో కూడా. ఇలాంటి మొక్క ఎంత పరుచుకుంటే అంత అందం. ఒక్కో వాడిన పువ్వునీ ఏరుతూ కూర్చోవాల్సిన పని లేదు. దాని గడ్డి లాంటి ఆకుని మాత్రం గడ్డి అనుకుని చెక్కేస్తున్నారు, అది ఆపండి.

కాలవలు కట్టేసిన నెలల్లో

పువ్వు అయిన తరవాతి మూడు నెలలే ఈ మొక్కకి అసలు పంటకాలం అని నా నమ్మకం. మన దగ్గర చిక్కల్లా ఆ కాలం నీళ్ళు లేని కాలం కావడమే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి మన పెరళ్ళ రోజులు కూడా కాలవల ప్రకారమే నడుస్తున్నాయి. ఏప్రిల్‌లో కాలవలు కట్టేస్తారు, జూన్‌లో వదులుతారు. సరిగ్గా ఆ మధ్యలోనే హిప్పియాస్ట్రమ్ కొత్త ఆకులు వేస్తుంది. సముద్రం దగ్గరి ఊళ్ళలో అప్పుడు బోరు నీళ్ళు ఉప్పగా మారతాయి. ఆ నీళ్ళు రోజూ పోస్తే ఆకుల కొసలు మాడతాయి. దానికన్నా బియ్యం కడుగునీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు రెండు మూడు రోజులకోసారి పోసినా నయం.

నేల తడి నిలవడానికి మనకి కొబ్బరి పొట్టుకి కొదవ లేదు. పచ్చి పొట్టులో ఉప్పూ పసరూ ఉంటాయి, రెండు మూడుసార్లు మంచినీళ్ళలో నానబెట్టి పిండేశాకే వెయ్యాలి. దుంప మెడకి తగలనివ్వకుండా చుట్టూ పరచండి. ఎరువు అంటే చేలో మిగిలిన యూరియా గుప్పెడు తెచ్చి చల్లే అలవాటు చాలామందికి ఉంది. యూరియాతో ఆకులు పొడుగ్గా, మెత్తగా లేచి పడిపోతాయి, దుంప గట్టిపడదు. బాగా చివికిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి, కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో అయితే చిటికెడు బూడిద. బూడిదలో పొటాష్ ఉంటుంది, దుంపకి కావాల్సింది అది. పువ్వు వాడిన వారంలో ఒకసారి, తొలకరికి ఇంకోసారి వేస్తే చాలు.

తరవాత వానలు. మన బంకమట్టిలో నీరు దిగదు, హిప్పియాస్ట్రమ్‌కి పాదాలు తడిస్తే కుళ్ళు. అందుకని దుంపలో మూడోవంతు నేల పైకి కనపడేలా, గట్టు మీద నాటాలి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు, లంకల్లో మా చుట్టాల ఇంటి పెరడు రోజుల తరబడి నీళ్ళలో ఉంది. నీరు తీశాక ఎర్ర లిల్లీ దుంపలు పట్టుకుంటే చేతిలో జారిపోయాయి. అదే పెరట్లో లిల్లీ పేరుతోనే పెంచుకునే తెల్ల క్రైనమ్, స్పైడర్ లిల్లీ ఒండ్రు కింద నుంచి మళ్ళీ చిగురేశాయి. అవి నీటి పక్కన బతికే జాతులు, క్రైనమ్ గింజ అయితే నీళ్ళ మీద తేలుకుంటూ వెళ్ళి ఒడ్డు చేరి మొలుస్తుంది. మురుక్కాలవ పక్కన వాటిని పెట్టండి, ఎర్రదాన్ని మెరక మీద పెట్టండి.

వానల్లో ఇంకో శత్రువు వస్తుంది. నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలు, ఎర్ర మచ్చలు ఉన్న లద్దె పురుగులు గుంపులుగా ఆకుని కొస నుంచి తింటూ దిగుతాయి. మనిషి కొడవలి చేసే పని ఇవి రెండు రాత్రుల్లో చేస్తాయి. ఆకు అడుగున చూసి, ఏరి సబ్బునీళ్ళలో వెయ్యడమే నేను చేసేది. తొందరగా చూస్తే మందు అవసరం రాదు. ఎర్రటి మచ్చలు పడి కుళ్ళుతున్న ఆకు కనబడితే ఆ ఒక్క ఆకునీ మొదలంటా తీసెయ్యండి. ఆకు ముట్టుకోవద్దన్న నా మాటకి అది మినహాయింపు.

నిజంగా నిద్రపోయే మొక్క కూడా మనకి ఒకటి ఉంది. రోహిణి కార్తె ఎండల్లో నెత్తిన ఎర్రటి బంతి మోస్తూ నేలలోంచి లేచే ఫుట్‌బాల్ లిల్లీ. పువ్వు అయ్యాక దాని ఆకులు వానాకాలమంతా గొడుగులా నిలబడి, చలి మొదలయ్యాక పసుపెక్కి మాయమవుతాయి. అప్పుడు కుండీ ఖాళీగా కనిపిస్తుంది. సంక్రాంతికి ఇల్లు సర్దేటప్పుడు ఆ "ఖాళీ" మట్టిని పారబోసిన ఇళ్ళు నాకు తెలుసు. కుండీలో ఒక పుల్ల గుచ్చి పెట్టుకుని, నీళ్ళు ఆపేసి, మే దాకా దాన్ని దాని మానాన వదలాలి.

కొత్త సంవత్సరానికి బహుమతిగా వచ్చే రంగురంగుల ఆసియాటిక్, ఓరియంటల్ లిల్లీల గురించి రెండు మాటలు చాలు. వాటికి ఆకులు కాడకే ఉంటాయి. అందుకని పూలు అయ్యాక పువ్వుల వరకే తీసి, ఆకులున్న కాడని పండేదాకా ఉంచాలి. మళ్ళీ పూయడానికి ఆ దుంపకి 5 డిగ్రీల దగ్గర వారాల తరబడి చలి కావాలి. మన చలికాలం దాని దరిదాపుల్లోకి రాదు. ఆ డబ్బుతో కడియంలో హిప్పియాస్ట్రమ్ దుంపలు కొనుక్కుంటే ఏళ్ళ తరబడి ఉంటాయి.

పాముల భయం

నా వాదానికి వచ్చిన అభ్యంతరాల్లో నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది మా పక్కింటి పిన్నిగారు చెప్పినది. "నువ్వు చెప్పేదంతా బానే ఉందమ్మా. ఆ ఆకులు వాలి గడప పక్కన గుబురు కడితే రాత్రిపూట పిల్లలు చూడకుండా కాలు వేస్తారు. కట్లపాములు తిరిగే చోటు ఇది. పువ్వు ముఖ్యమా, పిల్లలు ముఖ్యమా?" అన్నారు. కోనసీమలో ఉన్నవాళ్ళకి ఇది ఊరికే అన్న మాట కాదని తెలుసు. వరి కోతలప్పుడు, వరదలప్పుడు పాములు ఇళ్ళ దాకా వస్తాయి. గుబురు కింద కప్పలు చేరతాయి, కప్పల కోసం అవి వస్తాయి.

దీనికి శాస్త్రం చెప్పి గెలవాలని నాకు లేదు. ఆవిడ అన్నది సరైనదే. ఐతే ఆవిడ మాట నుంచి తేలేది ఆకు కొయ్యాలని కాదు, లిల్లీ గడప పక్కన ఉండకూడదని. నడిచే దారికీ లిల్లీ మడికీ మధ్య నాలుగడుగులు ఊడ్చిన నేల ఉండాలి. దుబ్బుకీ దుబ్బుకీ మధ్య జానెడున్నర ఎడం ఉంచి, నేల మీద వాలి పండిన ఆకుల్ని వారానికోసారి ఏరేస్తే కింద గాలీ వెలుతురూ ఆడతాయి, కప్ప నిలవదు. పచ్చి ఆకులు మరీ వాలిపోతుంటే అరటి నారతో వదులుగా కట్టి నిలబెట్టొచ్చు. ఆకుల్నే ముడి వెయ్యకూడదు, మడవకూడదు. మడిస్తే ఎండ తగలదు, అది కోసినట్టే.

దుబ్బుల్ని మార్చే పని ఇప్పుడు కాదు. ఆకు జోరుగా ఉన్న నెలల్లో తవ్వితే వేళ్ళు తెగుతాయి. డిసెంబరు చివర నేల ఆరినప్పుడు, పిలకలు విడదీస్తూ, ఆకులతో సహా వెనక నూతి దగ్గరకి మార్చమన్నాను. పిన్నిగారు అప్పటిదాకా ఆగడానికి ఒప్పుకున్నారు, గడపకి ఆనుకున్న వరస మాత్రం ఈ వానాకాలానికి కోసే ఉంచుతానన్నారు. ఆ వరస ఒకటి రెండేళ్ళకి పూయడం మానెయ్యొచ్చని చెప్పాను. పూయకపోతే పోనీ అన్నారు. వాళ్ళ మనవలకి ఇంకా బడి వయసు కూడా రాలేదు, నేను మారు మాట్లాడలేదు.